పొరుగు భూమి పలికిన ధర

బియ్యమునకు ధర ఉన్నది. బంగారమునకు ధర ఉన్నది. ఉదయము బజారు ధరలు విన్న గృహస్థు సాయంకాలము ఇంచుమించు అదే ధర ఇచ్చి సరకు తెచ్చుకొనగలడు. ఒక బస్తా బియ్యము అదే రకమునకు చెందిన మరొక బస్తాకు సమానము గనుకను, అవి దినదినము అమ్ముడు పోవుచుండును గనుకను, వాటి ధర నలుగురి నోటను నలుగుచుండును. భూమి సంగతి అట్లు కాదు. ఒక ఎకరము మరొక ఎకరమునకు సమానము కాదు. ఒకటి కాలువ క్రింది మాగాణి, మరొకటి మెరక. ఒకటి రాజబాటను ఆనుకొని ఉన్నది, మరొకదానికి బండి పోవు దారియైనను లేదు. పైగా తరములు గడచినను చేతులు మారని భూములు ప్రతి ఊరను కలవు. అట్టి భూమి వెల యెంత? ఈ ప్రశ్నకు లోకము అనాదిగా ఒక ఎదురు ప్రశ్ననే జవాబుగా చెప్పుచు వచ్చినది: "పక్క చేను ఎంతకు పోయినది?"

చూచుటకు చిన్న ప్రశ్నయే కాని దీనిపై ఆధారపడిన విషయములు చిన్నవి కావు. బ్యాంకు ఇచ్చు అప్పు, అన్నదమ్ముల పంపకము, ప్రభుత్వమునకు చెల్లవలసిన సుంకము, రోడ్డుకో రిజర్వాయరుకో భూమి పోయిన రైతు చేతికి వచ్చు పరిహారము, ఇవి అన్నియు ఎక్కడో ఒకచోట పొరుగు భూమి పలికిన ధరను ఆశ్రయించియే ఉన్నవి. ఆ ధర ఎక్కడ వ్రాసి ఉండును? దానిని ఎవరు చూడవచ్చును? చూచిన పిమ్మట ఎంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నల చరిత్రనే మేము ఈ ప్రసంగములో శ్రోతల ముందు ఉంచదలచినాము.

ధరను వ్రాసి ఉంచు పని మన దేశములో నిన్న మొన్న పుట్టినది కాదు. నేటి బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ ప్రాంతమున దామోదర్‌పూర్ అను గ్రామములో 1915 లో అయిదు రాగి శాసనములు దొరికినవి. అవి గుప్త చక్రవర్తుల కాలపు భూమి విక్రయ పత్రములు. వాటిలో మొదటిది క్రీస్తు శకము 443 ప్రాంతమునాటిది. పుండ్రవర్ధన భుక్తిలోని కోటివర్ష విషయమున, అనగా నేటి మాటలో ఒక జిల్లా ముఖ్యస్థానమున, భూమి కావలసినవాడు అధికారి సన్నిధికి వచ్చి దరఖాస్తు చేసుకొనెడివాడు. ఆ అధికారితో కూడ నగరశ్రేష్ఠి, సార్థవాహుడు, ప్రథమ కులికుడు, ప్రథమ కాయస్థుడు కూర్చుండెడివారు. అయినను వారు వెంటనే ధర చెప్పెడివారు కారు. పుస్తపాలులను పిలిపించెడివారు. పుస్తపాలుడనగా దస్తరముల రక్షకుడు. అతడు తన పుస్తకములు చూచి, ఆ ప్రాంతమున బీడు భూమి కుల్యవాపము ఒక్కింటికి మూడు దీనారముల వంతున విక్రయించు మర్యాద కలదని ధ్రువపరచిన తరువాతనే సొమ్ము పుచ్చుకొని, భూమి కొలిచి, హద్దులు నాటెడివారు. ఒక కుల్యము విత్తనములు పట్టునంత నేలకు కుల్యవాపమని పేరు. దీనారము బంగారు నాణెము.

ఈ శాసనములను బట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, ధర అధికారి ఇష్టము మీద గాక, లోగడ జరిగిన విక్రయముల దస్తరము మీద నిలిచినది. రెండవది, ఆ ధర ప్రాంతమును బట్టి మారినది. 479 నాటి పహాడ్‌పూర్ శాసనములో కుల్యవాపము వెల రెండు దీనారములు. తరువాతి కాలపు ఫరీద్‌పూర్ శాసనములలో నాలుగు. అయితే కోటివర్షములో తొలి శాసనమునందును, సుమారు నూరేండ్ల తరువాతి శాసనమునందును అదే మూడు దీనారముల ధర కనబడుచున్నది. అది బేరములో తెగిన ధర కాదు, ఆచారముచే నిలిచిన ధర. అమ్మినది ప్రభుత్వము, కొన్నది బీడు నేల. కనుక దస్తరములో ఒకటి, వాస్తవములో మరొకటి ఉండవలసిన అగత్యము కలుగలేదు. ఆ అగత్యము తరువాత వచ్చినది.

ఇక ఆధునిక కాలమునకు వత్తము. బ్రిటిషు ఇండియాలో దస్తావేజుల రిజిస్ట్రేషనుకు 1864 లో ఒక చట్టము వచ్చినది. దానిని పలుమారులు మార్చి, తుదకు 1908 లో 16వ చట్టముగా స్థిరపరచినారు. నూరు రూపాయలు మొదలుకొని ఆ పైన విలువగల స్థిరాస్తి విక్రయమును రిజిస్టరు చేయవలసినదేనని అందలి 17వ సెక్షను చెప్పుచున్నది. స్థిరాస్తి దస్తావేజుల నకళ్ళు ఒకటవ పుస్తకములోనికి ఎక్కును. మూడవ పుస్తకము వీలునామాలకు, నాలుగవది ఇతర దస్తావేజులకు. ఒకటవ పుస్తకమునకు రెండు సూచికలు కలవు. మొదటిది మనుష్యుల పేర్లను బట్టి, రెండవది ఆస్తులను బట్టి వెదకుటకు వీలుగా కూర్చినవి. ఎవరు కొన్నారో తెలిసినచో మొదటి సూచిక చాలును. ఫలానా ఊరిలో ఫలానా సర్వే నంబరు ప్రక్కన ఏమి అమ్ముడు పోయినదో తెలియవలెనన్న రెండవ సూచికయే శరణ్యము.

అన్నింటికంటె ముఖ్యమైనది 57వ సెక్షను. ఒకటవ పుస్తకమును, దాని సూచికలను, నిర్ణీతమైన రుసుము చెల్లించిన ఎవరైనను చూడవచ్చును, నకలు పొందవచ్చును. భూమి తనదై ఉండనక్కరలేదు. కారణము చెప్పనక్కరలేదు. ఇందలి విశేషము మన ఏలికల సొంత దేశముతో పోల్చి చూచినచో బోధపడును. ఇంగ్లండులో ప్రభుత్వ భూమి రిజిస్ట్రీ 1862 లో వెలసినది. కాని యజమాని అనుమతి లేనిదే ఆ రిజిస్టరును ఇతరులు చూచుటకు వీలు లేకుండెను. ఆ తలుపు సర్వజనులకు తెరుచుకొన్నది 1990 డిసెంబరులో. అమ్ముడుపోయిన ఇండ్ల ధరలు నేడు అక్కడ ఎవరికైనను లభించుచున్నవి. అయినను ఆ జాబితా 1995 నుండియే ఆరంభము. మన పల్లెటూరి సబ్ రిజిస్ట్రారు కచేరీ గుమాస్తా అల్మరాలో అటువంటి పుస్తకము అంతకు ఎన్నో దశాబ్దముల క్రితమే ఎల్లరకు తెరచి ఉన్నది.

పుస్తకము తెరచి ఉండుట ఒకటి, అందులోని ధరను ఎట్లు చదువవలెనో తెలియుట వేరొకటి. ఈ విద్యను నేర్పినవి ముఖ్యముగా భూసేకరణ వ్యాజ్యములు. 1894 నాటి భూసేకరణ చట్టము 23వ సెక్షను రైతుకు "మార్కెట్ విలువ" ఇయ్యవలెనన్నది. కాని మార్కెట్ విలువ అనగా నేమో నిర్వచింపలేదు. ఆ లోటును తీర్చిన ప్రసిద్ధమైన తీర్పు మన తెలుగునాట పుట్టిన వ్యాజ్యములోనే వెలువడినది. విశాఖపట్టణములో రేవు నిర్మాణము సాగుచున్న కాలమున, 1928 లో, మలేరియా నివారణ నిమిత్తము లోవ తోటలు అను భూమిని సేకరించుటకు ప్రకటన చేసినారు. ఆ భూమి వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారిది. అందులో మంచినీటి ఊట ఒకటి ఉన్నది. చుట్టుప్రక్కల రేవు, పరిశ్రమలు పెరుగుచుండగా ఆ నీటికి విలువ కట్టవలదా అని రాజావారి వాదము. దానిని కొనువారు రేవు అధికారులు తప్ప వేరెవరును లేనప్పుడు విలువ ఏమున్నదని ఎదుటి వాదము.

వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1939 లో తీర్పు వచ్చినది. సాధారణముగా భూమి మార్కెట్ విలువ అనగా అటువంటి గుణమును, అటువంటి ఉనికియు గల భూములు లోగడ పలికిన ధరలనుబట్టి తేలునదే అని అందులో స్పష్టపరచినారు. అయితే సాటిలేని విశేషము భూమికి ఉన్నప్పుడు, ఇష్టపడి అమ్మువాడు ఇష్టపడి కొనువాని నుండి ఏమి ఆశింపవచ్చునో యోచించి నిర్ణయింపవలెననియు, కొనగలవాడు ఒక్కడే అయినంత మాత్రమున ఆ విశేషమునకు వెల లేకుండ పోదనియు చెప్పినారు. అనగా పోలిక మొదటి మార్గము. పోలిక దొరకనిచోట మాత్రమే ఊహ.

పోలిక ఎట్లు చేయవలెనో 1988 లో మన సుప్రీం కోర్టు పూనాకు సంబంధించిన ఒక వ్యాజ్యములో క్రమముగా వివరించినది. దానిని తరువాతి తీర్పులెన్నో అనుసరించినవి. చూపిన విక్రయము నిజమైనదై ఉండవలెను. ప్రకటన తేదీకి దగ్గరి కాలమునను, భూమికి దగ్గరి తావునను జరిగినదై ఉండవలెను. ఆపైన హెచ్చుతగ్గులు చూడవలెను. చిన్న తునక, రోడ్డు ముఖము, చక్కని ఆకారము ధరను పెంచును. విస్తారమైన భూమి, లోపలి ఉనికి, పల్లపు నేల ధరను తగ్గించును. రెండు వందల గజముల ఇంటిస్థలము ధరను గజముల లెక్కన హెచ్చవేసి ఇరువది ఎకరముల పొలమునకు కట్టరాదు. ఆ పొలములో బాటలు వేయవలెను, ఖాళీలు విడువవలెను, కొనువారి కొరకు వేచి ఉండవలెను. ఇందునిమిత్తము నూటికి ఇరువది మొదలు ఏబది వరకు తగ్గింపు ఉండవచ్చునని కోర్టువారు సూచించినారు.

ఇంతవరకు పద్ధతి చక్కగనే ఉన్నది. చిక్కు అంతయు "నిజమైన విక్రయము" అన్న మాటలో ఉన్నది. 1899 నాటి స్టాంపు చట్టము ప్రకారము విక్రయ దస్తావేజుపై సుంకము అందు వ్రాసిన ప్రతిఫలమును బట్టి ఏర్పడెడిది. పది వేలకు కొని ఆరు వేలని వ్రాసిన సుంకము తగ్గును. అమ్మినవానికి అభ్యంతరము లేదు, కొన్నవానికి లాభము. ఇరువురికి నష్టము కనబడని అబద్ధమునకు అడ్డు చెప్పువా డెవ్వడు? కనుక తెరచిన పుస్తకములోనికి మూసిన ధర వచ్చి చేరినది. మద్రాసు రాష్ట్రము 1967 లో స్టాంపు చట్టమునకు 47ఎ సెక్షను చేర్చి, ధర తక్కువ వ్రాసినట్లు తోచిన దస్తావేజును విచారణకు పంపు అధికారము కల్పించినది. తరువాతి దశాబ్దములో ఆంధ్రప్రదేశ్‌లోను ఆ ఏర్పాటు అమలులోనికి వచ్చినది. ఊరూరికి, వీధి వీధికి కనీస విలువలు కట్టిన పట్టికలు సబ్ రిజిస్ట్రారు కచేరీలలో వెలసినవి.

దీనితో ధరలు రెండయినవి కావు, మూడయినవి. చేతులు మారిన ధర ఒకటి, దస్తావేజులో వ్రాసిన ధర ఒకటి, ప్రభుత్వ పట్టికలోని ధర ఒకటి. సుంకము కొరకు కట్టిన ఆ పట్టికను బట్టియే పరిహారము ఇయ్యవలెనని ఆదిలాబాదు ప్రాంతపు వ్యాజ్యమొకటి సుప్రీం కోర్టుకు పోగా, 1994 లో కోర్టువారు అంగీకరింపలేదు. అది రాబడి నిమిత్తము తయారైన పట్టికయే గాని, ఇష్టపూర్వకముగా జరిగిన విక్రయమునకు సాక్ష్యము కాదన్నారు. మరల దస్తావేజులే గతి అయినవి. ఆ దస్తావేజులు ఎట్టివో అందరికి తెలిసినదే.

ఇంతలో కంప్యూటరు వచ్చినది. 1998 నవంబరు 4 న ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రారు కచేరీలలో "కార్డ్" అను ఏర్పాటు ఆరంభమైనది. అంతకుముందు ఒక ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కొరకు గుమాస్తా సంవత్సరముల తరబడి సూచికలు తిరుగవేయవలసి వచ్చెడిది, రోజులు పట్టెడిది. కార్డ్ వచ్చిన పిమ్మట ఆ పని నిమిషములలో తెమలినది. ఈ సర్టిఫికెట్‌ను, జనులు ఈసీ అనెడిదానిని, భూమి మీద అప్పు ఉన్నదా లేదా అని చూచుటకే సామాన్యముగ తీసికొందురు. కాని ధర వెదకువానికి కూడ ఇది పనికివచ్చును. ఒక్కొక్క లావాదేవీకి దస్తావేజు నంబరు, తేదీ, పక్షములవారి పేర్లతో పాటు ప్రభుత్వ మార్కెట్ విలువ, పక్షములవారు వ్రాసిన ప్రతిఫలము అను రెండు అంకెలు అందులో కనబడును. ఈ రెండును రూపాయి తేడా లేకుండ సరిపోయినచో, అది బేరములో తెగిన ధరయా, పట్టిక చూచి వ్రాసిన ధరయా అని తెలివైన పరిశోధకుడు అనుమానింపవలసియే ఉండును.

ఈ సమస్యకు అమెరికాలో మరొక మార్గము త్రొక్కినారు. అక్కడ టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రములలో విక్రయ ధరను ప్రభుత్వమునకు వెల్లడింపవలెనను నిర్బంధము లేదు. హక్కు ఎవరికి మారినదో దస్తావేజు చెప్పును. ఎంతకు మారినదో చెప్పకపోవచ్చును. ఆ వెలితిని వ్యాపారముగ మలచుకొన్నవారిలో ఆండ్రూ ఫ్లోరెన్స్ ఒకరు. ఆయన స్థాపించిన కోస్టార్ సంస్థ, కార్యాలయ భవనములు, గిడ్డంగులు, దుకాణముల సముదాయములు ఎంతకు అమ్ముడు పోయినవో దళారులను, కొన్నవారిని, అమ్మినవారిని టెలిఫోనులో అడిగి తెలిసికొని, కంప్యూటరులో కూర్చి, చందా కట్టినవారికి చూపుచున్నది. పుస్తపాలుని పనియే అది. కాని పుస్తకము ప్రభుత్వమునది కాదు, ప్రైవేటు సంస్థది.

అటువంటి భాండారములో సాటి విక్రయములను వెదకు తీరు తెలిసికొనదగినది. మొదట భవనము రకము, తావు, వైశాల్యము, కట్టిన కాలము, విక్రయ తేదీ అను హద్దులు పెట్టుదురు. హద్దులు మిక్కిలి ఇరుకైనచో ఒక్కటియు దొరకదు. వెడల్పైనచో పోలికలేనివన్నియు వచ్చిపడును. కనుక దగ్గరి వీధితో, దగ్గరి కాలముతో ఆరంభించి, చాలనప్పుడు కొంచెము కొంచెము విస్తరించుట తగిన పద్ధతి. ఆ పిమ్మట దొరికినవానిని ఒక్కొక్కటిగ పరిశీలింతురు. అప్పు తీర్చలేక వేలము పడినదా? ఒకే యజమాని క్రింది రెండు కంపెనీల నడుమ చేతులు మారినదా? పది భవనములు ఒక మూటగా అమ్మి, మొత్తమును కాగితము మీద పంచి వ్రాసినారా? అమ్మినవాడే తిరిగి అద్దెకు ఉండెదనన్న షరతు ఉన్నదా? ఇట్టివి పోలికకు పనికిరావు, లేదా సవరించియే వాడవలెను. మిగిలినవానికి చదరపు అడుగునకు ఎంతయో, వచ్చు నికరపు అద్దెకు వెల ఎన్ని రెట్లో లెక్క కట్టుదురు. చివరకు దస్తావేజుతో సరిచూచుకొందురు. యంత్రము వేయి విక్రయములను క్షణములో ముందు పెట్టగలదు. వాటిలో సాటివచ్చునవి నాలుగు ఏవో ఏరుకొనవలసినది మనిషియే.

తిరిగి మన నేలకు వచ్చినచో, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టము ఈ కథనంతను ఒక సెక్షనులో ఇమిడ్చినది. 26వ సెక్షను ప్రకారము స్టాంపు సుంకమునకు కట్టిన విలువ ఎంత, సమీపమున అటువంటి భూములు పలికిన సగటు ధర ఎంత, ప్రైవేటు సంస్థల కొరకైనచో ఒప్పుకొన్న మొత్తమెంత అని చూచి, వాటిలో ఎక్కువైనదానిని తీసికొనవలెను. సగటు కొరకు గడచిన మూడు సంవత్సరముల దస్తావేజులు చూడవలెను. అయితే అన్నింటిని గాదు. ఎక్కువ ధర వ్రాసిన సగము దస్తావేజులను మాత్రమే లెక్కలోనికి తీసికొనవలెను. తక్కిన సగమును ఏల విడిచినారో చట్టము చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు. పుస్తకములోని ధరలలో అనేకము నిజము కన్న తక్కువయని, చట్టమే తలవంచి ఒప్పుకొన్న తీరు అది.

ఇందలి నష్టము ఎవరిదో ఒక చిన్న లెక్క వేసి చూతము. పల్లెలలో మార్కెట్ విలువను ఒకటి మొదలు రెండు వరకు గల గుణకముతో హెచ్చవేసి, బలవంతపు సేకరణకు గాను సొలేషియమను పేర అంతకు అంత కలుపవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. గుణకము రెండు అనుకొందము. సగటులో ఎకరమునకు ఒక లక్ష తగ్గినచో, రైతు చేతికి వచ్చునది నాలుగు లక్షలు తగ్గును. ఆ లక్షను తగ్గించి వ్రాసినవాడు అతడు కాదు. అతని పొరుగువాడు, మూడేండ్ల క్రిందట, స్టాంపు సుంకములో కొన్ని వేలు మిగుల్చుకొనుటకై వ్రాసినాడు. అమ్మినవానికి తన సొమ్ము ముట్టినది, కొన్నవానికి భూమి దక్కినది. ఆ విక్రయములో ఏ సంబంధమును లేనివాడు, భూమిని అమ్ముకొను తలంపే లేనివాడు, ఆ అంకెకు కట్టుబడినాడు.

కనుక సాటి ధర వెదకువారికి మేము చెప్పదగినది ఇంతే. ఒక్క దస్తావేజును నమ్మరాదు. నాలుగింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. అంకెతో పాటు తేదీని, హద్దులను, పక్షముల నడుమ చుట్టరికమును చదువవలెను. వీలైనచో ఊరిలో అడిగి తెలిసికొనవలెను. దళారికి, కరణీకము ఎరిగిన పెద్దకు తెలిసిన సంగతి పుస్తకములో ఉండకపోవచ్చును. ఇక దస్తావేజు వ్రాసుకొనువారికి చెప్పదగినదియు ఒకటి కలదు. విక్రయ పత్రములో ప్రతిఫలము అను గడి ఇద్దరి నడుమ గుట్టు కాదు. ఎవరైనను వచ్చి చూడవచ్చునని చట్టము తెరచి ఉంచిన పుస్తకములోనికి ఎక్కు మాట అది. రేపు ఆ ఊరిలో ఎవని భూమి పోయినను, ఆ గడిలోని అంకె అతని పక్షముననో, అతనికి ఎదురుగనో సాక్ష్యము పలుకును.